ఊగే బాల్కనీ

సిరిసిల్ల,
నవంబరు, సోమవారం

బిడ్డా ప్రీతీ,

ఎట్లున్నవే? కాలు కింద పెట్టద్దని డాక్టరమ్మ చెప్పిందట, నువ్వేమో మంచంల ఒరిగి లాప్‌టాప్ ఒత్తుతనే ఉన్నవట. నీ మొగడు అరుణ్ మన రమేశ్ తోని చెప్పి పంపిండు. కడుపుతోని ఉన్నదానివి, జర ఊకుండరాదు? నేనే కోరుట్లకు వచ్చి నీ పక్కపొంటి కూసుందు గని, నూలు కండెలు చుట్టేటోళ్లు దొరుకుతలేరని కార్ఖాన ఆసామి తోలుతలేడు.

ఫోన్ చెయ్యలేదని అలగకు. కార్ఖానల బట్ట నేసే సాంచాల సప్పుడుకు నా చెవులు ఎట్ల పోయినయో నీకెరుకనే. ఈ ఏడు ఇంక అధ్వానమైంది. ముంగట నిలవడి ఒర్లినా దూది కుక్కినట్టే ఉంటది. గందుకే కాగితం. రమేశ్ నడిపే బస్సు రోజు కోరుట్లకు వస్తనే ఉంటది, ఇస్తడు.

అసలు ముచ్చట ఇను. మన మందిరం ప్రతిష్ఠ అయ్యింది. నువ్వు కంప్యూటర్ల గీసిచ్చిన బాల్కనీ చూసి వాడ వాడంత నోరు తెరిచింది. కింద ఒక్క కంబం లేకపాయె! గోడలకెల్లి ముందుకు పొడుచుకచ్చిన సన్నని ఇనుప దూలాలు, గంతే. సంఘ పెద్ద సామేలు అయితే మైకుల చెప్పిండట, "మన సుజాత పెంచిన పొల్ల గీసింది" అని. మీ అమ్మ ఉంటే ఎంత మురుసుండెనో అనుకున్న.

ఆడోళ్లమందరం పైన, మొగోళ్లు కింద. ఆదివారం పాట అందుకున్నరు. మైసయ్య డోలకు వాయిస్తున్నడు. ఒక్కసారే నేల కదిలింది బిడ్డా! మెత్తగ పైకి లేసుడు, కిందికి దిగుడు. నాకొక్కదానికే గాదు, అందరికి తెలిసింది. పాస్టర్ ప్రభాకరయ్య "ఆత్మ దిగివచ్చిండు, మందిరం కదిలింది" అన్నడట. ఇగ చూస్కో, ఆడోళ్లు ఏడ్సుకుంట ఎగిరిండ్రు. నేను గూడ ఎగిరిన, నవ్వకు.

నీకు ముందే ఎరుకనా గది గట్ల కదుల్తదని? గా మర్మం నువ్వే పెట్టినవా?

మీ చిన్నమ్మ
సుజాత

*

కోరుట్ల,
బుధవారం

చిన్నమ్మా,

నీ ఉత్తరం రమేశన్న పొద్దుగాల ఇచ్చి పోయిండు. నేను మంచిగనే ఉన్న. లోపల ఉన్నది గూడ మంచిగనే తన్నుతున్నది. అరుణ్ వంటతోనే పాణం పోతున్నది, పప్పుల ఉప్పు వేసుడు ఆయనకు యాదుండది.

ఒకటి అడుగుత, గాబర గాకు. నేల కదిలింది అన్నవు గదా. ఒక్కసారి కదిలి ఆగిందా, పాట ఉన్నంతసేపు ఊగిందా? పాట ఆగినంక గూడ జరసేపు ఊగిందా? మీద ఫ్యాన్లు ఊగినయా? దూలం గోడల జొచ్చిన కాడ సున్నంల గీత ఏమన్న పడ్డదేమో చూడు. వెంట్రుకంత పడ్డా చెప్పు.

గందుల మర్మం ఏం లేదు. గట్ల కదలాలని నేను పెట్టలే. కూలి నాలి చేసుకునేటోళ్ల మందిరం, ఇనుము ఎక్కువ పట్టద్దనుకున్న. ఆడోళ్లకు కంబాలు అడ్డమొస్తే పాస్టర్ కనబడడని నువ్వే అంటివి. నేను కంప్యూటర్‌కు గదే చెప్పిన: కింద కంబం రావద్దు, ఎంత తక్కువ ఇనుముతోని నిలవడ్తదో గంత తక్కువతోని గియ్యి అని. అది వేల బొమ్మలు గీస్తది చిన్నమ్మా. బరువు మొయ్యనియి పారేస్తది, మోసేటియి కలిపి మళ్ల కొత్తయి గీస్తది, ఆఖరుకు అన్నిట్ల సన్ననిది ఏరి ఇస్తది. సన్నగ ఉన్నదంటే జర కదులుడు మామూలే. గంతే అయ్యుంటది.

అయినా నేను మళ్లొక్కసారి లెక్క చూసేదాక నువ్వు పైకి ఎక్కకు. కింద కూసో. ఎవరన్న అడిగితే మోకాళ్లు నొస్తున్నయని చెప్పు.

నీ
ప్రీతి

*

సిరిసిల్ల,
సోమవారం

బిడ్డా,

గింత పిరికిదానివి ఎప్పటినుంచి అయినవే? చిన్నప్పుడు సాంచాల నడుమ ఉరుకుతుంటే పట్టుకోలేక నేనే సచ్చేదాన్ని.

గోడలు మంచిగున్నయి. గీత లేదు, ఏం లేదు. ఫ్యాన్లు ఊగుతయి మరి, ఫ్యాన్లు గదా. మోకాళ్లు నొస్తున్నయని అబద్ధమాడి కింద కూసుందామంటే, నొచ్చే మోకాళ్ల వజ్రమ్మనే గోడ పట్టుకొని పైకి ఎక్కుతున్నది. నన్ను చూసి నవ్వరా?

నిన్న ఆదివారం చూడాల్సి ఉండె. కోనరావుపేట దిక్కుకెల్లి ఆటోలల్ల వచ్చిండ్రు, కదిలే మందిరం చూస్తమని. పైన కాలు పెట్ట జాగ లేదు. నేను ఎక్కుత అంటే నేను ఎక్కుత అని ఆడోళ్లు కొట్లాడుకున్నరు. ఎంతమంది ఎక్కితే గంత మంచిగ కదులుతున్నది. క్రిస్మస్‌కు మల్యాల సంఘాన్ని గూడ పిలుస్తున్నరు.

నువ్వు ప్రభాకరయ్యకు ఫోన్ చేసినవట. నాకు చెప్పకుంట ఎందుకు చేసినవే? అందరి ముంగట నా తలకాయ కొట్టేసినట్టయ్యింది. "మీ బిడ్డ దేవుని కార్యాన్ని కంప్యూటర్‌తోని కొలుస్తదా" అని సామేలు ఎక్కిరిచ్చిండట. నేను ఏం చెప్పాలె?

పాలు తాగు. గుడ్లు తిను.

చిన్నమ్మ

*

కోరుట్ల,
గురువారం

చిన్నమ్మా,

నాకు బుగులైతున్నది. దాసి రాసే ఓపిక లేదు.

నా తప్పు దొరికింది. జగిత్యాల హాస్టల్ల ఉన్నన్ని ఏండ్లు నేను పోయిన మందిరంల బల్లలు ఉంటుండె. అందరు బల్లల మీద కూసోని హార్మోనియంకు మెల్లగ పాడుదురు. మందిరం అనంగనే నా కండ్ల ముంగటికి గదే వచ్చింది. కంప్యూటర్‌కు గదే చెప్పిన, కూసున్న మనుషులని. మన దగ్గర జంపఖాన పరిచి, డోలకు దెబ్బకు అందరు ఒక్కతీరుగ ఎగుర్తరు. నాకు తెల్వని ముచ్చటనా ఇది? నీ సంకల ఉండి నేను గూడ ఎగిరినదాన్నే. యాదికి రాలే చిన్నమ్మా. కంప్యూటర్ మనం అడగంది చూడది. బరువు మోస్తదా అని అడిగిన, మోస్తది అన్నది. ఎగిరితే ఏమైతదని అడగనే లేదు.

ఇప్పుడు అడిగిన. తొట్టెల పిల్లను పండవెట్టి ఊపుతవు గదా. దాని ఊపు దానికి ఉంటది. గా ఊపుకు సరిగ్గ వేలు తాకిస్తే సాలు, ఎంత దూరమన్న పోతది. మన బాల్కనీకి గూడ దాని ఊపు ఒకటి ఉన్నది. మైసయ్య డోలకు దెబ్బ, గా ఊపు ఒక్కతీరే వస్తున్నయి. పొద్దటినుంచి మళ్ల మళ్ల చేసి చూసిన, గట్లనే వస్తున్నది. ఊగినప్పుడల్ల దూలం మొదట్ల బోల్టులు జర జర వదులైతయి. ఎక్కువ మంది ఎక్కితే మంచిగ కదులుతున్నదని రాసినవు. గంతమంది ఎగిరితే గవ్వి ఇంక జల్ది వదులైతయి.

మా ఆఫీసు సార్‌కు చెప్పిన. "డ్రాయింగ్ మీద నీ సంతకమే ఉన్నది, చూస్కో" అన్నడు. నన్ను పోలీసులు తీస్కపోతరేమోనని గూడ బుగులున్నది, అబద్ధమెందుకు చెప్పాలె. గని గదాని కన్న, వాళ్ల కింద పిల్లలు కూసుంటరు, మొగోళ్లు కూసుంటరు, గది మీదికెల్లి ఊడి వస్తే... నేను మంచం దిగస్తలేదు. దిగితే ఈ కడుపు నిలవడదని డాక్టర్ రాసిచ్చింది. లేకుంటే పాకుకుంటనన్న వద్దును.

ఆదివారం అరుణ్ వస్తున్నడు. ఆయన ఫోన్‌ల ఒక యాప్ ఎక్కిచ్చిన. ఫోన్ బాల్కనీ మీద పండవెడితే ఊగుడును గీత గీసి పంపుతది. ఎవ్వరు తియ్యకుంట చూడు. నువ్వు మాత్రం ఎక్కకు, నీ కాల్మొక్త.

ప్రీతి

*

సిరిసిల్ల,
సోమవారం

ప్రీతీ,

అల్లుడు వచ్చిండు, పోయిండు. ఫోన్ పెట్టిండు, తీసిండు. పాట అయినంక నిలవడి ఏందో చెప్పిండు. బాల్కనీ కింద కంబాలు పెట్టాలె, అప్పటిదాక ఎవ్వరు ఎక్కద్దు అన్నడట. సామేలు లేసి ఒక్కటే అన్నడట: "మా తాతల కాడికెల్లి రేకుల కింద పాడుకున్నోళ్లం. ఇయ్యాల దేవుడు మా మీద దయ తల్చి కదిలితే, కంబాలు పెట్టి ఆపుమంటవా?" అల్లుని మొఖం గింతయ్యింది. నాకు జాలైంది గని ఏం జేయ?

మున్సిపాలిటీకి రాస్త అన్నడట అల్లుడు. గా పని మాత్రం చెయ్యకుండ్రి. వాళ్లు బాల్కనీకి గాదు, మందిరానికే తాళం వేస్తరు. ఇంక మమ్ముల ఎవ్వరు వాడల నిలవడనియ్యరు.

నువ్వు పెద్ద పెద్ద లెక్కలు చెప్తున్నవు. నాదొక్క ముచ్చట ఇను. నేను మందిరంల పాట ఇనక ఎన్నేండ్లయ్యిందో నీకు ఎరుకనా? నేను ఎవ్వరికి చెప్పలే. పక్కదాని చేతులు చూసి చప్పట్లు కొడ్త. పెదవులు చూసి పాడ్త. అందరు ఆమెన్ అంటే అంట. అంత ఉత్తదే. పీనుగు లెక్క నిలవడి వస్తున్న. ప్రతిష్ఠ నాడు గా నేల కదిలినప్పుడు, పాట నా అరికాళ్లలకు వచ్చింది. డోలకు దెబ్బ దెబ్బ మోకాళ్లకు, నడుముకు, గుండెకాడికి. ఏ పాటనో పెదవులు చూడకుంటనే తెలిసింది. కండ్లు మూసుకొని పాడిన బిడ్డా. నా గొంతు నాకు ఇనబడకున్నా పాడిన.

మా వయసుకు ఇంకేం కావాలె? గిదొక్కటి అడుగుతున్న. ఆపకు.

సుజాత

*

కోరుట్ల,
బుధవారం

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడ్సిన. ఏడుసుకుంటనే ఇది రాస్తున్న.

ఫోన్ గీసిన గీత నా ముంగట ఉన్నది. మొదటి పాటకు చిన్నగ మొదలైంది. రెండో పాటకు పెద్దగైంది. మూడో పాటకు నా లెక్కల వచ్చినదానికన్న పెద్దగైంది. ఇంకో ముచ్చట చెప్పాలె. మూడో పాట వచ్చేసరికి దాని ఊపే జర నిదానమైంది. అంటే ఎక్కడనో పట్టు తప్పుతున్నదన్నట్టు. కొత్త బాల్కనీ గట్ల కావద్దు.

అరుణ్ ఫొటోలు తీసిండు. ఎడమదిక్కు దూలం గోడల జొచ్చిన కాడ తెల్ల సిమెంట్ పూసి ఉన్నది. పచ్చిగ ఉన్నదట, వేలికి అంటిందట. కొత్త గోడకు తెల్ల సిమెంట్ ఎందుకు? కింద ఏమున్నది? ఎవరు పూసిండ్రు చిన్నమ్మా?

ఎవరు పూసినా నేను ఏం అనను. గని ఇను. క్రిస్మస్‌కు నాలుగు ఊర్లోళ్లు వస్తరు. అందరు పైకి ఎక్కుతమంటరు. నేను మంచంల పన్నా కండ్ల ముంగట గదే కనబడ్తున్నది. కింద జంపఖాన మీద తలకాయలు, మీద గా దూలం. తిండి పోతలేదు. లోపల బిడ్డ గూడ నా బుగులుకేమో, నిన్నటికెల్లి తక్కువ తన్నుతున్నది. డాక్టర్ ఏం కాదన్నది, నాకు నమ్మబుద్ధి అయితలేదు.

స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే ఇనుప జాకీలు ఉంటయి గదా, గవ్వి కిరాయికి దొరుకుతయి. ముందుగాల గవ్వి పెట్టుండ్రి. తర్వాత కంబాలు పోద్దాం. మున్సిపాలిటీకి రాసిన కాగితం నా దిండు కింద ఉన్నది. నీ మాట కోసం ఇంక పంపలే. ఈ ఆదివారం దాటితే పంపుత. నువ్వు జన్మల నాతోని మాట్లాడకున్నా పంపుత.

ప్రీతి

*

సిరిసిల్ల,
ఆదివారం, మాపు

నా బంగారి బిడ్డా,

తెల్ల సిమెంట్ నేనే పూసిన.

నీ మొదటి ఉత్తరం వచ్చిన్నాడే చూసిన గీతను. వెంట్రుకంతనే ఉండె. లేదని నీకు రాసిన. మళ్ల వారానికి గీత బెత్తెడైంది. అల్లుడు వస్తడని ఇంటికాడ మిగిలిన తెల్ల సిమెంట్ కలిపి పూసిన. చూస్తే బాల్కనీ మూసేస్తరని పూసిన. ఇంత పాపం నేను తెలిసి చేసిన.

నువ్వు ఎక్కద్దన్నవు, ఇయ్యాల గూడ ఎక్కిన. నా పక్కన వజ్రమ్మ, ముంగట దుర్గవ్వ, ఆమె సంకల మనుమరాలు. రెండో పాట నా కాళ్లకు మంచిగ వస్తున్నది. నడుమల ఒక దెబ్బ వచ్చింది. పాటది గాదు. కిందికెల్లి ఎవరో సుత్తెతోని గుద్దినట్టు. కండ్లు తెరిచిన. ఎవ్వరికి ఏం తెల్వలే, డోలకు సప్పుడుల ఎగురుతనే ఉన్నరు. ఇంకోటి వచ్చింది. నేను పూసిన దిక్కు చూసిన. సిమెంట్ పెచ్చు ఊడింది, కింద వేలు దూరేటంత సందు కనబడ్డది. పాట నా కాళ్లల్ల ఉండంగనే నా కాళ్లు సల్లవడ్డయి.

వజ్రమ్మ కొంగు గుంజిన. ఆమె కండ్లు మూసుకొని ఎగురుతున్నది. ఒర్లిన. నా గొంతు ఎంత లేస్తున్నదో నాకేం తెలుస్తది? స్తుతి చేస్తున్న అనుకున్నరు. ఇగ ఏం తోస్తలేక దబ్బుమని కింద పడ్డ, నన్ను చూసన్న ఆగుతరని. అవ్వో, ఇంక గట్టిగ ఎగిరిండ్రు బిడ్డా! ఆత్మ నన్ను పడగొట్టిండని అందరు నా సుట్టు చేరిండ్రు. అందరు ఒక్కకాడికే! గప్పుడు అయిన బుగులు నేను జన్మల ఎరుగ.

కాళ్ల సందులకెల్లి పాకి మెట్లు దిగిన. ఉరికి మైసయ్య డోలకు మీద పడ్డ. గుంజిండు, నెట్టిండు, ఇయ్యలే. డోలకు కడుపు కింద వెట్టుకొని బోర్ల పన్న. పాట ఆగింది. ప్రభాకరయ్య మొఖం ఎర్రగైంది, నన్ను తిడుతున్నడు, పెదవులు కనబడ్తున్నయి. నడుమల గా పెదవులు ఆగినయి. మీదికి చూసిండు. సామేలు చూసిండు. ఇగ అందరి మొఖాలు మీదికి లేసినయి, నెత్తురు సుక్క లేనట్టు. ఏందయ్యా ఏందయ్యా అని అడుగుతున్న, నాకు ఎవ్వరు చెప్తలేరు.

పాట ఆగినంక గూడ దూలాలు కిర్రు కిర్రుమంటనే ఉన్నయట. దుర్గవ్వ చెయ్యి మీద చెయ్యి రాకి చూపిచ్చింది నాకు.

కింద ఉన్నోళ్లు బయటికి ఉరికిండ్రు. సామేలు మాత్రం ఉరకలే. మెట్ల మీద నిలవడి ఒక్కొక్కలను చెయ్యి పట్టి దింపిండు, మెల్లగ, మెల్లగ అనుకుంట. పిల్లల తల్లులు ముందుగాల. ఆఖరుకు వజ్రమ్మ ఒక్కతే మిగిలింది మీద. ఆమె మోకాళ్లకు మెట్టు మెట్టుకు ఆగుడే. ఆమె నేల మీద కాలు పెట్టేదాక సామేలు చెయ్యి ఇడువలే. పెట్టినంక అందరం ఆమెను పట్టుకొని ఏడ్సినం.

సామేలు గిప్పుడే జాకీల కోసం పోయిండు. దిండు కింది కాగితం పంపుతవో చింపుతవో నీ ఇష్టం. నేను ఏం అనను.

నీ చిన్నమ్మ

*

కోరుట్ల,
సోమవారం

చిన్నమ్మా,

రమేశన్న నీ ఉత్తరం ఇచ్చి, నేను చదివేదాక గడపల నిలవడ్డడు. నా మొఖం చూసి నీళ్లు తెచ్చిచ్చిండు.

నిన్ను తిట్టాలని ఉన్నది. గట్టిగ పట్టుకోవాలని గూడ ఉన్నది. నువ్వు పూసినవు, నేను గీసిన. ఎవరు ఎవరిని తిట్టాలె?

కాగితం అరుణ్ పట్టుకొని పోయిండు. తాళం వెయ్యకుంట, కంబాలు పోసేదాక గడువు ఇయ్యిమని అడుగుతడు. నా పేరు మీద నా తప్పు నేనే రాసిచ్చిన. ఏమైతదో తెల్వది. బుగులు పోలే, గని నిన్న ఉన్నంత లేదు.

సామేలు పెద్దయ్యకు చెప్పు, ప్రతి దూలం కొస కింద జాకీ ఉండాలె, ఒక్కటి గూడ ఇడువద్దు. క్రిస్మస్‌కు అందరు బయట పందిరి కింద కూసుండ్రి. చలి పెడితే పెట్టని. కంబాల బొమ్మ ఈ ఉత్తరంతోనే పంపుతున్న. ఈసారి ఎగిరే మనుషులను పెట్టి అడిగిన. డోలకు దెబ్బలు గూడ పెట్టిన. ఏ దెబ్బకు ఊగది.

లోపల బిడ్డ మళ్ల తన్నుతున్నది.

నీ ప్రీతి

*

సిరిసిల్ల,
జనవరి ఆఖరు

బిడ్డా,

కంబాలు నిలవడ్డయి. మున్సిపాలిటీ సార్లు వచ్చి చూసి సంతకం పెట్టిండ్రు. బాల్కనీ తప్పుకు నీకు పడ్డ నోటీసు ముచ్చట అల్లుడు చెప్పిండు. సామేలు నీ దిక్కు మాట్లాడ వస్త అంటున్నడు, అడ్డం చెప్పకు.

నిన్న ఆదివారం మళ్ల పైకి పోవాలె. ఒక్కతి ఎక్కదు. మెట్ల కాడ నిలవడి ఒకల మొఖం ఒకలు చూసుకుంటున్నరు. పిల్లలను సంకల గట్టిగ పట్టుకున్నరు. నాకు లేదా బుగులు? అయినా గీతను దాసినదాన్ని నేను గదా, నేనే ముందుగాల ఎక్కాలె అనుకున్న. ఎక్కి నడుమల నిలవడి రెండు కాళ్లతోని ఎగిరిన. బండ లెక్క ఉన్నది. నన్ను చూసి వజ్రమ్మ ఎక్కింది. ఆమె వెనుక అందరు ఎక్కిండ్రు.

పాట అందుకున్నరు. కండ్లు మూసుకొని అరికాళ్లు నేలకు ఆనిచ్చిన. ఏం రాలే. చెప్పులు ఇడిసినం గదా, వస్తదేమోనని వేళ్లు గూడ ఒత్తి చూసిన. రాలే బిడ్డా. నువ్వు చెప్పినట్టే ఏ దెబ్బకు ఊగుతలేదు, మంచిగ చేసినవు. నాకు యాదున్న తీరుగ చప్పట్లు కొట్టుకుంట పాడుకున్న. చానసేపు పాడిన. కండ్లు తెరిచి చూద్దునుగద, పాట ఎప్పుడో అయిపోయింది. అందరు కూసున్నరు. కింద పాస్టర్ నోరు మూసుకొని మీదికి చూస్తున్నడు. నడుమల నేనొక్కదాన్ని నిలవడి చప్పట్లు కొడుతున్న. ఎవ్వరు నవ్వలే. దుర్గవ్వ నా కాలు పట్టుకొని ఏడుస్తున్నది.

నీ కంప్యూటర్‌ను ఒకటి అడుగుతవా? కింద కూలేది వద్దు, ఎవ్వరి మీద పడేది వద్దు. నేల మీదనే ఉండాలె. పాట పాడితే జర కదలాలె. ఒక్క మనిషి నిలవడే జాగ సాలు.

అడిగి చెప్పు. రాదు అంటే రాదనే చెప్పు, నాలెక్క దాయకు.

చిన్నమ్మ